రంగారావా, గుమ్మడా?

విజయవాడ గాంధీనగర్‌లో పాత సినిమాల మాట వచ్చినప్పుడల్లా, నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు గొప్ప నటుడా, తెనాలి దగ్గరి రావికంపాడులో పుట్టిన గుమ్మడి వెంకటేశ్వరరావు గొప్ప నటుడా అన్న చర్చకే నా మనసు మొగ్గుతుంది.

1957 నాటి ‘మాయాబజార్’లో ఇద్దరూ ఉన్నారు కనుక పోల్చడం తేలిక. ఘటోత్కచుడిగా రంగారావు నిండైన విగ్రహంతో, ఠీవితో తెరంతా పరుచుకుంటూనే, ఆ రాక్షసుడి ముఖంలో పసివాడి అమాయకత్వాన్ని మెరిపిస్తారు. భీకరమైన ఆహార్యం కింద అంత లాలిత్యాన్ని నిలపడం నా దృష్టిలో అసాధారణమైన విద్య. బలరాముడిగా గుమ్మడి, భార్య ఒత్తిడికీ కౌరవుల పొగడ్తలకూ లొంగిపోయే పెద్దమనిషి బలహీనతను నమ్మించేలా చూపిస్తారు.

గుమ్మడి బలం వయసును మోయడంలో ఉంది. 1927లో పుట్టిన ఆయన, తనకన్నా పెద్దవారైన అక్కినేనికి తండ్రిగా నటించినా ప్రేక్షకుడికి ఎక్కడా అనుమానం రాలేదు. 1962లో తిమ్మరుసు పాత్రకు ఆయన తెచ్చిన నిబ్బరం ఇప్పటికీ నన్ను కదిలిస్తుంది.

అయినా మొదటి స్థానం రంగారావుకే ఇస్తాను. 1963 నాటి ‘నర్తనశాల’లో కీచకుడి పాత్రకు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం వచ్చిందని కాదు, ఆ దుర్మార్గుణ్ణి అసహ్యించుకుంటూనే ఆయన కళ్లనుంచి చూపు తిప్పుకోలేకపోతాను.