ఫోన్‌లో చెస్సా, లైట్లు వెలిగే బోర్డా? కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

“సార్, మా పిల్లోడికి చెస్ నేర్పిద్దామని ఉంది. ఫోన్‌లో యాప్ సరిపోతుందా? లేకుంటే ఆ లైట్లు వెలిగే బోర్డు ఏదో ఉందంట కదా, అది కొనాలా?”

ఆదివారం పొద్దున తిరుపతిలో మా బైరాగిపట్టెడ ఇంటి మిద్దె మీద ఓ పదిమంది పిల్లలకు చెస్ చెబుతుంటాను. వాళ్లను దింపడానికి వచ్చిన అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు బండి స్టాండు వేయకుండానే ఈ ప్రశ్న అడిగి పోతారు. 2024 డిసెంబరులో తెలుగింటి కుర్రాడు గుకేశ్ సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాక ఇది మరీ ఎక్కువైంది.

నిరుడు దాకా నా జవాబు ఒకటే: “ఫోన్ చాలు, డబ్బులు దండగ చేసుకోకండి.” ఎనిమిది నెలల కింద మా ఇంటికే ఒక చెస్ కంప్యూటర్, అంటే ఆ లైట్లు వెలిగే బోర్డే, వచ్చింది. అమెరికాలో ఉండే మా బావమరిది తాను వాడి పక్కన పడేసిన బోర్డును సూట్‌కేసులో చాక్లెట్ల కింద పెట్టుకుని తెచ్చాడు. తొమ్మిదేళ్ల మా పాప, డెబ్భై నాలుగేళ్ల మా నాన్న, ఇద్దరూ దాన్ని వదల్లేదు. వాళ్లు ఆడేది పక్కన కూర్చుని చూశాక నా మాట మార్చుకున్నాను.

ఫోన్‌ను తీసిపారేయడానికి లేదు. చేతిలో ఎలాగూ ఉంది, పైసా ఖర్చు లేదు. లీచెస్ అనే యాప్ అయితే పూర్తిగా ఉచితం, మధ్యలో ప్రకటనలు కూడా రావు. చెస్ డాట్ కామ్‌లో కొంత ఉచితం, కొంత చందా కట్టాలి. రాత్రి పదకొండింటికి ఆడాలనిపించినా ఏదో ఒక దేశంలో ఒకడు మేలుకునే ఉంటాడు. రెండెత్తుల్లో ఆటకట్టు, మూడెత్తుల్లో ఆటకట్టు లాంటి లెక్కలు చేసినన్ని చేసుకోవచ్చు. ఈ లెక్కల విషయంలో ఫోన్‌కు సాటి వచ్చేది లేదు, నేనూ పిల్లలకు అవే ఇస్తాను.

తంటా అంతా ఆటలో. ఫోన్‌లో గుర్రం మీద వేలు పెట్టగానే అది ఎక్కడెక్కడికి పోగలదో చుక్కలు కనిపిస్తాయి. పిల్లలు ఆ చుక్కల్లో ఒకదాన్ని నొక్కుతారు. గుర్రం నడక బుర్రలో పడకముందే ఆట నడిచిపోతుంది. ఎదుటి ఎత్తు చిటికెలో జారి వచ్చి కూర్చుంటుంది, పిల్ల చూపు అప్పటికే తన తరువాతి ఎత్తు మీద ఉంటుంది. మంత్రి పోయాక “అయ్యో, ఇది ఎప్పుడొచ్చింది ఇక్కడికి?” అని నన్ను అడుగుతారు. వచ్చి అర నిమిషమైంది, చూడలేదంతే.

లైట్ల బోర్డు మీద ఈ ‘ఎప్పుడొచ్చింది’ అనే మాటే ఉండదు. ఎందుకంటే యంత్రానికి చేతులు లేవు. తన ఎత్తు ఏమిటో లైట్లతో చూపిస్తుంది, కాయను జరపాల్సింది మనమే. నా దృష్టిలో ఏది కొనాలో తేల్చేది ఈ ఒక్క సంగతే. లెవెళ్లు ఎన్ని, గొంతు ఉందా, స్క్రీన్ ఉందా అన్నవన్నీ దీని తరువాతే.

ఒక సాయంత్రం మా పాప తెల్లకాయలతో ఆడుతోంది. రాజు ముందరి బంటును రెండు గళ్లు తోసింది, యంత్రమూ అంతే చేసింది. ఆ తరువాత పాప అంచు బంట్లతో కాలక్షేపం చేస్తోంది. ఎఫ్8 దగ్గర ఒక లైటు, సీ5 దగ్గర ఒక లైటు వెలిగాయి (నిలువు వరుసకు అక్షరం, అడ్డ వరుసకు అంకె, రెండూ కలిస్తే గడి పేరు). పాప యంత్రం తరఫు ఒంటెను (పుస్తకాల్లో శకటు అంటారు, మా వీధిలో ఒంటే) తీసి సీ5లో పెట్టింది. ఏమీ అనలేదు, ఇంకో అంచు బంటు తోసింది. ఈసారి డీ8, ఎఫ్6 వెలిగాయి. నల్ల మంత్రిని చేత్తో పట్టుకుని ఎఫ్6 దాకా తెచ్చింది, దించబోతూ ఆగింది. చూపు కిందికి జారి తన ఎఫ్2 బంటు మీద పడింది. అటు ఒంటె, ఇటు మంత్రి, రెండూ దాని మీదికే. “నాన్నా! నన్ను కట్టేసేదాన్ని నేనే తెచ్చి పెడుతున్నానే!” అని అరిచింది. మంత్రిని దించి, గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి అడ్డం పెట్టింది. ‘ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడో అడుక్కో’ అని నేను ఆరు నెలలుగా చెబుతున్న పాఠం ఇదే. నా నోటి మాటతో ఎక్కనిది ఆ పూట తన చేత్తోనే ఎక్కింది.

ఇంకో లాభం కూడా ఇందులోనే ఉంది. ఎత్తు ఎత్తుకూ లైట్లు చూసి గడి వెతుక్కోవాలి కాబట్టి గళ్ల పేర్లు వారం పది రోజుల్లో వాటంతట అవే వచ్చేస్తాయి. ఈ యంత్రాల్లో జనం కొనుక్కునేలా మొదట అంగట్లోకి వచ్చినవాటిలో ఒకటి 1977 నాటి చెస్ చాలెంజర్, అమెరికాలోని ఫిడెలిటీ కంపెనీది. దాని తొలి నమూనాలో అక్షరాలు ఉండాల్సినచోట అంకెలు, అంకెలు ఉండాల్సినచోట అక్షరాలు పెట్టారు. దాని మీద గళ్లు నేర్చుకున్నవాళ్లు తరువాత ఎంత తిప్పలు పడ్డారో!

ఇప్పుడు బోర్డుల్లో ఏ రకం అన్నది. స్థూలంగా మూడున్నాయి.

చవకగా వచ్చేవి నొక్కుడు బోర్డులు. కాయను తీసే గడి మీద ఒకసారి, పెట్టే గడి మీద ఒకసారి కాయతోనే నొక్కాలి. లెక్సిబుక్ వాళ్ల చెస్‌మ్యాన్ ఎలీట్ ఈ కోవదే, అరవై నాలుగు లెవెళ్లు ఉంటాయి. కాయలు చిన్నవి, గట్టిగా నొక్కితే పక్కవి పడిపోతుంటాయి. యంత్రం ఎత్తును కూడా మనమే రెండుసార్లు నొక్కి వేయాలి కాబట్టి నేను చెప్పిన లాభం ఇందులోనూ ఉంది. డబ్బు చూసుకునేవాళ్లకు ఇది చాలు.

రెండోది కాయను మామూలుగా ఎత్తి పెడితే తానే గుర్తుపట్టే బోర్డు. చాలావాటిలో కాయ అడుగున చిన్న అయస్కాంతం, గడి కింద దాన్ని పసిగట్టే స్విచ్చి ఉంటాయి. మిల్లెనియం వాళ్ల చెస్ జీనియస్ వరుసలో, డచ్ కంపెనీ డీజీటీ వాళ్ల సెంటార్‌లో ఇలా ఎత్తి పెట్టే బోర్డులు దొరుకుతాయి. చెస్ జీనియస్ ప్రోగ్రాం రాసిన రిచర్డ్ లాంగ్ పాతకాలపు మెఫిస్టో యంత్రాలకు ప్రాణం పోసినవాడు. 1994లో లండన్‌లో ఒక ర్యాపిడ్ (తక్కువ టైములో ఆడే) పోటీలో ఇదే ప్రోగ్రాం అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. ఆ పేరు చూసి భయపడకండి, తక్కువ లెవెల్‌లో పెట్టుకోవచ్చు. సెంటార్ అయితే మన ఆట చూసి తన బలం తానే తగ్గించుకుంటుంది. మంచి బోర్డు కావాలంటే ఓ మోస్తరు స్మార్ట్‌ఫోన్‌కు పెట్టినంత పెట్టాల్సి వస్తుంది.

మూడోది కాయలు తమంతట తామే నడిచే బోర్డు. ముంబై వాళ్ల స్క్వేర్ ఆఫ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అడుగున తిరిగే అయస్కాంతం కాయను లాక్కుపోతుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు నోరు తెరుచుకుని చూస్తారు. కానీ కొత్తవాళ్లకు వద్దంటాను. ఎక్కువ డబ్బు పోసి, అసలు లాభాన్ని యంత్రానికే అప్పజెప్పినట్టవుతుంది.

నా ఓటు రెండోదానికి. అయితే వాడకం అలవాటయ్యేదాకా మొదటి వారం కొంత చికాకు తప్పదు. చాలా బోర్డులకు గడిలో కాయ ఉందా లేదా అనే తెలుస్తుంది, ఏ కాయో తెలియదు. అందుకే రెండు చేతులతో రెండు కాయలు ఒకేసారి లేపితే తికమకపడి కీచుమంటుంది. కొట్టేటప్పుడు ఒకదాని తరువాత ఒకటి నిదానంగా తీయాలి. కోట కట్టేటప్పుడు (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరిగే క్యాస్లింగ్) ముందు రాజును జరిపి, ఆ తరువాతే ఏనుగును ముట్టుకోవాలి. ఏనుగును ముందు జరిపితే అది ఉత్త ఏనుగు ఎత్తు అనుకుంటుంది. పోటీ నియమం కూడా రాజునే ముందు ముట్టుకోమంటుంది కాబట్టి ఈ అలవాటు ఎటూ పోదు. లైటు ఆరకుండా మిణుకుమంటూ ఉందంటే, దారిలో కొట్టిన బంటును (రెండు గళ్లు దూకి మన బంటు పక్కకొచ్చిన దాన్ని, అది దాటిన గడిలోకి వెళ్లి కొడతాం) బోర్డు మీద నుంచి తీయడం మరిచిపోయి ఉంటారు, చూసుకోండి.

మా నాన్నకు మాత్రం ఆ యంత్రంతో రోజూ పేచీయే. ఆయన నేర్చుకున్నది నాటు చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే నడుస్తుంది. కోట కట్టడం ఉండదు, దాని బదులు రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకొచ్చు. ఆయన రాజును దూకించాడు, బోర్డు కీచుమంది. తీసి మళ్లీ అక్కడే పెట్టాడు, మళ్లీ కీచుమంది. “ఇదేం యంత్రంరా, రాజుకు ఆ మాత్రం హక్కు కూడా లేదంటుంది!” అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఆట నేర్చుకున్న పిల్లలకు ఈ కీచు చాలా మేలు చేస్తుంది. ఏది చెల్లదో అక్కడికక్కడే తేలిపోతుంది, తాతతో వాదన పెట్టుకునే పని లేదు.

మొదటి రోజే పూర్తి ఆటకు దిగకండి. కాయలన్నీ తీసేసి, ఏ కాయ ఎక్కడుందో మనమే చెప్పే సౌకర్యం దాదాపు అన్ని యంత్రాల్లో ఉంటుంది. రాజు, మంత్రి మన పక్క, ఒంటరి రాజు యంత్రం పక్క పెట్టి ఆట కట్టడం నేర్పండి. తరువాత మంత్రి బదులు ఏనుగు. తరువాత రెండు వైపులా రాజు, ఎనిమిది బంట్లు. సలహా చెప్పే బటన్ మీద ఒక స్టిక్కర్ అంటించేయండి. మా ఇంట్లో దాని మీద వెంకన్న స్వామి బొమ్మ అంటించాం, దేవుణ్ణి నొక్కడానికి పాప చేయి పోదు.

లెవెళ్ల దగ్గర మాత్రం ఫోన్‌దే పైచేయి, ఇది దాచడానికి లేదు. పాత చెస్ యంత్రాల్లో చాలావాటికి తక్కువ లెవెల్ అంటే తక్కువసేపు ఆలోచించడమే. ఒక సెకను ఆలోచించినా అది ఊరికే దొరికే కాయను వదలదు. కొత్తగా వచ్చిన పిల్లోడు ఇరవై ఆటలు వరుసగా ఓడి, బోర్డును అటక మీదికి ఎక్కిస్తాడు. లీచెస్‌లో ఎనిమిది లెవెళ్లున్నాయి, మొదటిది మనిషిలాగే కాయలు పారేసుకుంటుంది. కాబట్టి బోర్డు కొనేముందు, కావాలని తప్పులు చేసే లెవెళ్లు అందులో ఉన్నాయో లేదో తప్పకుండా కనుక్కోండి. లేకపోతే ఆ బోర్డు జోలికి పోకండి.

ఆట అయ్యాక తప్పులన్నీ రంగులు వేసి చూపించడం కూడా ఫోన్ గొప్పగానే చెబుతారు. నాకు దాని మీద అంత మోజు లేదు. గుకేశ్‌కు చిన్నప్పుడు శిక్షణ ఇచ్చిన గ్రాండ్‌మాస్టర్ విష్ణు ప్రసన్న చాలాకాలం అతన్ని ఇంజన్ల (మంచి ఎత్తు ఏదో లెక్కవేసి చెప్పే ప్రోగ్రాంల) జోలికి పోనివ్వలేదు. సొంతంగా లెక్క వేయడం ముందు రావాలన్నది ఆయన పట్టుదల. ప్రపంచ చాంపియన్‌కే అలా అయితే, బంట్ల నడక నేర్చుకుంటున్నవాడికి స్టాక్‌ఫిష్ లాంటి ఇంజన్ తీర్పు ఎందుకు?

కోచింగ్ గురించీ అడుగుతారు. మంచి గురువు దొరికితే పంపండి, అంతకన్నా చెప్పేదేముంది! అయినా వారానికి రెండు గంటల క్లాసు పోగా మిగిలిన రోజులు ఇంట్లో ఆడటానికి ఏదో ఒకటి కావాలి కదా, ప్రశ్న మళ్లీ మొదటికే. ఇక కంప్యూటర్‌లో వేసుకునే చెస్ సాఫ్ట్‌వేర్‌కు ఫోన్ గురించి చెప్పిందంతా వర్తిస్తుంది.

పోటీలకు పంపాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇక్కడి పిల్లలను తెల్లవారుజామున బస్సెక్కించి చెన్నైకి తీసుకుపోతుంటాం. ఫోన్ మీదే ఆడి వచ్చిన పిల్లలు అసలు బోర్డు ముందు కూర్చోగానే తడబడతారు. స్క్రీన్ మీద పైనుంచి చూసిన ఆట ఇక్కడ ఏటవాలుగా కనిపిస్తుంది, ఏనుగు వెనక నక్కిన ఒంటె కంట పడదు. ముట్టిన కాయను ఆడాల్సిందే అన్న నియమం మరీ చంపుతుంది, ఫోన్ మీద వేలికి ఆ భయం ఎప్పుడూ తెలియదు కదా. లైట్ల బోర్డు పిల్లలకు కనీసం ఆ కంటిచూపు ఇబ్బంది ఉండదు.

అందుకే ఇప్పుడు అడిగినవాళ్లకు ఇలా చెబుతున్నాను. పిల్లకు ఇష్టం ఉందో లేదో తెలియకపోతే రెండు నెలలు ఫోన్‌లోనే ఆడనివ్వండి, పక్కన మామూలు బోర్డు పరిచి ఎదుటి ఎత్తులు దాని మీద వేయమనండి. ఖర్చు లేకుండా సగం లాభం అక్కడే వస్తుంది. ఇష్టం నిలిచిందంటే లైట్ల బోర్డు కొనండి, సెకండ్ హ్యాండ్‌దైనా పర్వాలేదు.

సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం అడుగున బ్యాటరీ మూత తెరిచి చూశాకే బేరమాడండి. మా బావమరిది బ్యాటరీలు తీయకుండా ఏళ్ల తరబడి వదిలేశాడు, అవి కారి స్ప్రింగుల నిండా తెల్లగా పొడి పేరుకుంది. అవి ఆల్కలైన్ బ్యాటరీలు కాబట్టి పాత టూత్‌బ్రష్‌ను నిమ్మరసంలో ముంచి రుద్ది, తుడిచి, ఒక రోజంతా ఆరబెడితే బాగైంది. అడాప్టర్ లేదని ఇంట్లో పడి ఉన్న పాత రౌటర్‌ది గుచ్చబోయాను. గాంధీ రోడ్డులో రిపేరు అంగడి అబ్బాయి చేయి పట్టుకుని ఆపాడు. బోర్డు మీద ప్లస్ గుర్తు బయటి వైపుంది, అడాప్టర్ మీద లోపలి వైపుంది. “గుచ్చింటే కాలిపోయేదన్నా” అన్నాడు. ఆ గుర్తులు రెండూ కలిశాయో లేదో చూడకుండా ఏ వైరూ గుచ్చకండి.