నేలపట్టు, పులికాట్, ఉప్పలపాడు: పెద్ద లెన్సుల పక్కన ఒక పదో తరగతి పిల్లాడు

సంక్రాంతి సెలవుల చివర్లో మా తమ్ముడి కొడుకుని తీసుకుని పక్షులు చేరే నేలపట్టు, పులికాట్ సరస్సు, తిరుగుదారిలో ఉప్పలపాడు చూసొచ్చాను. వాడు పదో తరగతి. చేతిలో సెకండ్ హ్యాండ్ కెమెరా, దానికి 55-250 జూమ్ లెన్స్, పక్షుల ఫోటోలకి చిన్నదే. పక్షుల ఫోటోలు తీయాలని ఏడాదిగా కలవరిస్తున్నాడు. ఏ పక్షులు ఎప్పుడొస్తాయో చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. కొత్తగా కెమెరా పట్టినవాళ్లకి అక్కడ ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బస సూళ్లూరుపేటలో. రోజుకి 1,400 రూపాయల లాడ్జి. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం ఆరు దాటాకే. మేము ఐదున్నరకే బయల్దేరాం కాబట్టి రెండు రోజులూ చన్నీళ్లే. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో, శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు వెళ్లేట్టయితే గది ముందే మాట్లాడుకోండి. మాకు దొరికిన ఆటో అన్న మాత్రం బంగారం. ఏ పక్షి ఎటు వాలుతుందో కూడా ఆయనకి తెలుసు.

నేలపట్టు సూళ్లూరుపేటకి 20 కిలోమీటర్లు, దొరవారిసత్రం దగ్గర. చెరువులో సగం మునిగిన నీటి కడప చెట్లు, వాటి మీద కొమ్మ కనిపించకుండా గూడబాతులు (పెలికాన్లు). జనవరిలో పిల్లలతో ఉంటాయి. చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు నేను ఎరగను.

మొదటి రోజు పక్షుల్ని చూసే టవర్ ఎక్కేసరికి నలుగురు ఫోటోగ్రాఫర్లు ముందు వరస మొత్తం ట్రైపాడ్‌లతో ఆక్రమించేశారు. మావాడు సందు చూసుకుని నిలబడబోతే ఒకాయన వాడి లెన్స్ వైపు చూసి, "బాబూ, దీంతో ఏమొస్తుంది? వెనక్కి జరుగు, ఫ్రేములోకి వస్తున్నావ్" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. చంటిబిడ్డతో వచ్చిన ఒక జంట గట్టిగా మాట్లాడితే వాళ్లని కసిరి కిందికి దింపేశారు. పక్షుల దగ్గర గోల చేయకూడదన్నది నిజమే. ఆ మాట మెల్లగా చెప్తే ఎవరైనా వింటారు. అందరం ఒకే టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లమే కదా. మావాడు ఏమీ అనలేదు. లెన్స్ మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టి కెమెరా బ్యాగులో వేసేశాడు. నాకు కడుపులో తిప్పినట్టయింది.

రెండో రోజు వెళ్లకూడదనుకున్నాం. ఆటో అన్నే బలవంతంగా తీసుకెళ్లాడు. టవర్ మీద ఒక్కరే ఉన్నారు, యాభై దాటిన మనిషి, చెన్నై నుంచి వచ్చారట. తెలుగులో కాస్త అరవ యాస. ముప్ఫై ఏళ్లుగా ఇదే పనట. మేము ఎక్కగానే తన ట్రైపాడ్ తనే పక్కకి జరుపుకుని, "తమ్ముడూ, కెమెరా బ్యాగులో ఉంటే పక్షి ఎట్లా పడుతుంది?" అన్నారు. ఆ తర్వాత గంటన్నర వాడితోనే ఉన్నారు.

ఆయన చెప్పినవి వాడు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. గూడబాతు గాలికి ఎదురుగా వాలుతుంది, కాబట్టి ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకో. దిగేముందు కాళ్లు ముందుకి చాపుతుంది, అప్పటిదాకా ఆగు. షట్టర్ స్పీడ్ (ఫోటో పడే వేగం) సెకనులో 1/1600 వంతుకి తగ్గనివ్వకు, ఫోకస్ కంటి మీద పెట్టు. చిన్న లెన్స్ అయితే చెట్టూ నీళ్లూ కలిపి తీయి, పక్షి ఎక్కడ బతుకుతోందో తెలుస్తుంది. తర్వాత తన కెమెరాలో నన్ను కూడా చూడమన్నారు. పిల్ల తన తలని మెడదాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటోంది. ఆ సంచి పిల్ల కదిలినప్పుడల్లా లోపలినుంచి ఉబ్బుతోంది. మా ఊరి పిల్లల బడి మొత్తాన్ని ఆ టవర్ ఎక్కించి ఇది చూపించాలనిపించింది.

"గూట్లో ఉన్న తల్లి పని ఆపేసి మనవైపే చూస్తోందంటే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం. అది లేచిపోతే గుడ్లు కాకుల పాలు" అని కూడా చెప్పారు. ఈ మాట నాకు ఆ మధ్యాహ్నమే మళ్లీ గుర్తొచ్చింది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకి రెండు పక్కలా పులికాట్ నీళ్లే. అటకానితిప్ప దాకా వెళ్లి ఆగాం. ఫ్లెమింగోలు దూరంగా, తల కిందికి వంచి ముక్కు తిరగేసి నీళ్లు వడగట్టుకుంటున్నాయి. పక్కనే ఒక ఫోటో టూర్ గుంపు ఆగింది. నేర్చుకునేవాళ్లు ఆరుగురు, నేర్పే ప్రొఫెషనల్ ఒకరు. ఆయన ఒక కుర్రాడిని బురదలోకి పరుగెత్తించాడు, పక్షులన్నీ ఒకేసారి లేస్తే గులాబీ రెక్కలు కనిపిస్తాయని. లేచాయి. ఆరు కెమెరాలూ టకటకా కొట్టుకున్నాయి. మళ్లీ వాలాక మళ్లీ పంపబోతుంటే మా ఆటో అన్న అడ్డంపడ్డాడు. "సార్, అవి తిండికోసం వచ్చినయి, మీకోసం కాదు" అన్నాడు. అభయారణ్యంలో పక్షుల్ని బెదరగొట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పు. ఆ సంగతి నేర్పే మనిషికి తెలియకుండా ఉండదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ ఆరుగురి సంగతి. డబ్బు కట్టి నేర్చుకున్న మొదటి పాఠం అది. రేపు వాళ్లు ఇంకొకరికి అదే నేర్పుతారు.

సాయంత్రం తడ దగ్గరి భీములవారిపాలెంలో పడవ ఎక్కాం. పడవ షికారు బాగుంది, ఎండ తగ్గాక వెళ్లండి. ఒడ్డున ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటుంటే ఒక ఫోటోగ్రాఫర్ అడగకుండానే జానెడు దూరంలో మొహం మీద కెమెరా పెట్టి తీసుకుని వెళ్లిపోయాడు. మావాడు దగ్గరికెళ్లి, "తాతా, ఒక ఫోటో తీసుకోనా?" అని అడిగాడు. "పోయినేడు కూడా తీశారయ్యా. పంపిస్తామన్నారు. ఒక్కటీ రాలేదు" అన్నాడాయన. అయినా వల మోకాళ్ల మీద పరిచి, తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు.

ఉప్పలపాడు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గుంటూరు పక్కనే, ఊరి చెరువు, పక్షులు చాలా దగ్గరగా ఉంటాయి. చిన్న లెన్స్ ఉన్నవాళ్లు ముందు ఇక్కడికే రండి, నేలపట్టుకి తర్వాత వెళ్లొచ్చు. మేము వెళ్లినప్పుడు ఊరివాళ్లే ఎర్రకాళ్ల కొంగల్ని చూపించారు, ఎక్కడ నిలబడితే ఎండ వెనక పడుతుందో కూడా చెప్పారు. రెండు గంటల్లో వాడు 300 ఫోటోలు తీశాడు. అందులో ఒకటి, కాళ్లు ముందుకు చాపి వాలుతున్న గూడబాతు, కన్ను స్పష్టంగా.

ఇంటికొచ్చాక వాడు తాత ఫోటో పెద్ద సైజులో ప్రింట్ తీయించి ఆటో అన్నకి పోస్టు చేశాడు. మొన్న ఆటో అన్న ఫోన్ చేశాడు. భీములవారిపాలెం వెళ్లి తాత చేతికే ఇచ్చాడట. తాత దాన్ని వెలుతురులోకి పట్టుకుని, వలలో ఇంకా కుట్టని చిరుగు కూడా పడిందని వేలితో చూపించాడట.