పూర్ణా మార్కెట్ టోకు కొట్టుకి జోహో బుక్స్ సరిపోతుందా?

విశాఖలో పూర్ణా మార్కెట్ అయినా, గాజువాక ఆటోనగర్ అయినా లెక్కలంటే ట్యాలీయే. ఒక కంప్యూటరు, దాని ముందు ఒక అకౌంటెంటు, నెలాఖరుకి పెన్‌డ్రైవులో ఆడిటరు గారికి డేటా. చెన్నై కంపెనీ తయారుచేసిన, నెట్ మీద బ్రౌజర్లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ జోహో బుక్స్ ఈ పద్ధతినే మార్చేస్తుంది. గోదాంలో ఉన్న కుర్రాడు ఫోన్లో బిల్లు కొడితే యజమాని ఇంట్లో కూర్చుని అప్పటికప్పుడు చూడొచ్చు. సాఫ్ట్‌వేర్ బాగుంది, టోకు వ్యాపారానికి సరిపోతుంది. అయితే బిల్లు ఎవరు కొట్టాలి, కొట్టినదాన్ని ఎవరు దిద్దాలి అన్నది యజమాని ముందే తేల్చుకోవాలి. లేదంటే చందా డబ్బు దండగ.

ముందు ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం, సంగతి చూద్దాం. టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఇది తప్పనిసరి. ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో ఏపీఐ రిజిస్ట్రేషన్‌లోకి వెళ్ళి, జీఎస్పీగా (మన సాఫ్ట్‌వేర్‌ని పోర్టల్‌తో కలిపే సంస్థగా) జోహో కార్పొరేషన్‌ని ఎంచుకుని, కొత్త యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. వాటిని జోహో సెట్టింగ్స్‌లో ఎక్కిస్తే చాలు. ఆపైన బిల్లు పంపిన వెంటనే 64 అక్షరాల ఐఆర్ఎన్ (బిల్లు నమోదు నంబరు), క్యూఆర్ కోడ్ బిల్లు మీదికి వచ్చేస్తాయి. తప్పు పడితే రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు, ఆ తర్వాత క్రెడిట్ నోటే (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రమే) దిక్కు. టర్నోవరు 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్ళు 2025 ఏప్రిల్ నుంచి బిల్లు తేదీ దాటిన 30 రోజుల్లోపే పోర్టల్‌కి ఎక్కించాలి. నెలలు గడిచాక కుప్పగా కొట్టే అలవాటు ఇక్కడ కుదరదు.

పోర్టల్ బిల్లును తిప్పికొట్టిందంటే చాలావరకు కస్టమర్ల జాబితాలోనే లోపం ఉంటుంది. విశాఖ టోకు సరుకు జయపురం, కోరాపుట్, జగదల్‌పూర్ దాకా వెళ్తుంది కదా. సరుకు కొనే పార్టీ ఒడిశాది, కానీ పేరు ఎక్కించినప్పుడు రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ అని ఉండిపోతుంది. పిన్‌కోడ్ రాష్ట్రంతో కలవకపోతే పోర్టల్ ఒప్పుకోదు. అది కాస్త నయం, తప్పు అప్పుడే తెలుస్తుంది. చిన్న వ్యాపారికి ఈ-ఇన్వాయిస్ లేదు కాబట్టి ఆపేవాళ్ళుండరు. వేరే రాష్ట్రానికి అమ్మితే ఐజీఎస్టీ పడాలి, ఆ చోట సొంత రాష్ట్రంలో అమ్మకానికి పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడిపోతాయి. అప్పుడు సరైన పన్ను మళ్ళీ కట్టి, తప్పుగా కట్టినదాన్ని సెక్షన్ 77 కింద వాపసు అడగాలి. అందుకే పార్టీ జీఎస్టీ నంబరులో రాష్ట్రాన్ని చెప్పే మొదటి రెండంకెలు చూడటం అలవాటు చేయాలి: ఆంధ్రప్రదేశ్‌కి 37, ఒడిశాకి 21, ఛత్తీస్‌గఢ్‌కి 22.

అసలు కష్టమంతా ట్యాలీ నుంచి మారే వారంలో ఉంటుంది. కస్టమర్లు, సరుకుల జాబితా, పాత బాకీలు ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ ఫైలుగా ఎక్కిస్తారు. ఫిషింగ్ హార్బర్ వైపు రొయ్యల వ్యాపారులు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. రొయ్యల హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్టీలో సరుకుని గుర్తించే కోడ్) 0306తో మొదలవుతుంది. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నాని మింగేసి 306 చేస్తుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాకే ఫైలు తయారుచేయాలి. సేవ్ చేసిన సీఎస్‌వీని మళ్ళీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే సున్నా మళ్ళీ పోతుంది. సరిచూడటానికి నోట్‌ప్యాడ్‌లో తెరవండి.

పాత బాకీలు ఒక్కో పార్టీకి ఒకే మొత్తంగా ఎక్కించడం సులువే, కానీ వద్దు. ఏ బిల్లు ఎన్నాళ్ళుగా ఆగిందో చూపించే రిపోర్టు దాంతో పనికిరాకుండా పోతుంది. టోకు వ్యాపారికి ఈ సాఫ్ట్‌వేర్‌లో దానికన్నా విలువైన రిపోర్టు లేదు. వసూలు కాని బిల్లులను తేదీలతో సహా విడివిడిగా ఎక్కించండి. చివర్లో 31 మార్చి నాటి ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని పద్దుల నిల్వల పట్టిక) పక్కన పెట్టుకుని ఓపెనింగ్ బ్యాలెన్స్‌లు పోల్చుకోండి. తేడా ఏమైనా ఉంటే జోహో దాన్ని ‘ఓపెనింగ్ బ్యాలెన్స్ అడ్జస్ట్‌మెంట్స్’ అనే పద్దులో పడేస్తుంది. ఆ పద్దు సున్నా అయ్యేదాకా కొత్త బిల్లు కొట్టకండి.

ఏళ్ళ తరబడి ట్యాలీ కొట్టిన అకౌంటెంటుకి ఇది నెమ్మదిగా అనిపిస్తుంది, అందులో అబద్ధం లేదు. ట్యాలీలో ఎఫ్8 నొక్కితే సేల్స్, ఎఫ్5 నొక్కితే పేమెంట్. అదే ఎఫ్5 బ్రౌజర్‌లో నొక్కితే పేజీ మళ్ళీ లోడ్ అవుతుంది, సగం కొట్టిన బిల్లు పోయే ప్రమాదం ఉంది. కౌంటరు దగ్గర వరసపెట్టి బిల్లులు పడే చిల్లర కొట్టుకి దీన్ని మేము సిఫారసు చేయం.

బాగా నచ్చినది ట్రాన్సాక్షన్ లాకింగ్, అంటే పాత లెక్కలకి తాళం వేయడం. 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేశాక ఆ నెలని తాళం వేసేస్తే, వెనక్కి వెళ్ళి బిల్లు దిద్దే పని ఆగిపోతుంది. ఎవరు ఏది ఎప్పుడు మార్చారో ఆడిట్ ట్రయల్‌లో నిలిచిపోతుంది. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ నుంచి అది చట్టప్రకారమే ఉండాలి. గోదాం కుర్రాడికి బిల్లు కొట్టే హక్కు ఇచ్చి, తీసేసే హక్కు ఇవ్వకుండా రోల్ పెట్టొచ్చు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఇందులో ఏదీ పనిచేయదు. యూజర్ల సంఖ్యకు ప్లాన్‌ను బట్టి పరిమితి ఉంటుంది. ఆ నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలని లాగిన్ పంచుకోకండి.

పన్ను రేట్లు వాటంతటవే మారిపోతాయని నమ్ముకోవద్దు. 2025 సెప్టెంబరు 22న ఆటో విడిభాగాలు, సిమెంటు 28 నుంచి 18 శాతానికి దిగాయి. ఆటోనగర్ వాళ్ళు సరుకుల జాబితాతో పాటు అంతకుముందు చేసిన ఆర్డర్లు, కొటేషన్లలో పాత రేటు మిగిలిందేమో చూసుకోవాలి. ఆ తేదీకి ముందు అమ్మిన సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోటు మాత్రం పాత రేటుకే పడాలి. బిల్లు ఫోటో తీస్తే వివరాలు తనే చదివే ఆటోస్కాన్ ప్రింటు బిల్లులకు పనికొస్తుంది. చేతిరాత చీటీలు చేత్తోనే ఎక్కించండి.

ఇక నెట్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఏం చేసిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. లెక్కలు చెన్నై, ముంబై డేటా సెంటర్లలో ఉంటాయి కాబట్టి కొట్టులో నీళ్ళొచ్చినా పద్దులు పోవు. కానీ కరెంటు, నెట్ రెండూ లేని రోజున వాటిని తెరవడమూ కుదరదు. (గూగుల్ విశాఖకి డేటా సెంటర్ ప్రకటించినంత మాత్రాన మన కొట్టు నెట్ బాగుపడిపోదు.) 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు (పోర్టల్‌లో తీసే రవాణా పత్రం) లేనిదే లారీ కదలకూడదు. అందుకని ఒక ఫైబర్, దానికి తోడు వేరే కంపెనీ సిమ్‌తో ఒక డాంగిల్, రూటర్‌కి యూపీఎస్ ఉండాలి. నెట్ లేని రోజుకి వేరే సిరీస్ నంబర్లతో ఒక బిల్లు పుస్తకం అచ్చువేయించి పెట్టుకోండి. నంబరు 16 అక్షరాలు మించకూడదు.

ఖాతా తెరిచేటప్పుడు యజమాని సొంత మెయిల్, సొంత ఫోన్ నంబరే ఇవ్వాలి. సెట్ చేసిపెట్టే ఏజెంటుదో అకౌంటెంటుదో ఇస్తే, వాళ్ళు మానేసిన రోజున ఓటీపీ వాళ్ళ ఫోన్‌కే వెళ్తుంది. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి మూడు నెలలకోసారి మొత్తం డేటా బ్యాకప్ దించుకుని కొట్టు బయట ఒక హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. చందా ఆపాలనుకుంటే ముందు ఆ ఫైళ్ళు తెరిచి, బిల్లులు, క్రెడిట్ నోట్లు, లెడ్జర్లు అన్నీ దిగాయో లేదో చూసుకున్నాకే ఆపండి.