మూడు టమాటా పంటల్లో వాడిన ఎండు తెగులు డీఎన్ఏ కిట్

హసన్‌పర్తి దగ్గర మాది అరెకరం పాలీహౌస్. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులును పట్టే ల్యాంప్ (ఆ శిలీంధ్రం డీఎన్ఏను వేడిలో ఎన్నో రెట్లు పెంచి, ఉంటే రంగు మార్పుతో చూపే) కిట్‌ను మూడు పంటలుగా వాడుతున్నాను.

కాండం ముక్కను ద్రావణంలో నలిపి, ఒక చుక్క ట్యూబులో వేసి, 65 డిగ్రీల వేడిలో పెడతాం. తెగులు ఉంటే ముప్పావు గంటలోపే గులాబీ రంగు పసుపవుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన పద్ధతి ఇది. వేడిని పదే పదే పెంచి తగ్గిస్తూ డీఎన్ఏను పెంచే పీసీఆర్ యంత్రం అక్కర్లేదు. అదే, ల్యాబులో శిలీంధ్రాన్ని పెంచి చూడాలంటే వారం పడుతుంది.

నాకు ఈ కిట్ బాగా అక్కరకొచ్చింది అది "లేదు" అని చెప్పిన రోజే. రెండో పంటలో కాయ దిగే టైముకు ఒకే వరసలో పదకొండు మొక్కలు వాలిపోయాయి. ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కాండం చీరితే లోపల గోధుమ రంగు. "ఎండు తెగులే అన్నా, మందు పోయిద్దాం" అంది మా దగ్గర పనికి వచ్చే అక్క. నేనూ శిలీంధ్రం మందు కార్బెండజిమ్ తీసి పెట్టుకున్నాను. మూడు మొక్కలు పరీక్షిస్తే మూడు ట్యూబులూ గులాబీగానే ఉండిపోయాయి. అప్పుడు కాండం ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీశాం. కాసేపటికే కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి ధార కిందికి దిగింది. అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి శిలీంధ్రం మందు ఎంత పోసినా దండగే. మొక్కలను వేర్లు, మట్టితో సహా పీకేసి, ఆ వరసకు డ్రిప్ బంద్ పెట్టాం. మూడో పంటకు ఈ తెగులును తట్టుకునే వంగ వేరు మీద అంటుకట్టిన నారు తెచ్చాం.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి పంటలో ఒకే బ్లేడుతో అన్ని మొక్కలూ కోశాను, ఒకదాని రసం ఇంకోదానికి అంటి అన్నీ పసుపే వచ్చాయి. ఇప్పుడు మొక్కకో బ్లేడు. వట్టి నీళ్లతో ఒక ట్యూబు తప్పకుండా పెడతాను, అదీ పసుపైతే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే. మొక్క రసం ఎక్కువ పడితే వేడి పెట్టకముందే రంగు మారుతుంది, అది రసంలోని పులుపు వల్ల. అయిపోయిన ట్యూబు మూత మాత్రం ఎన్నడూ తీయొద్దు, అందులోని డీఎన్ఏ గాల్లో కలిసి తర్వాతి పరీక్షలను పాడుచేస్తుంది. నేను వాడే కిట్‌లో ఎంజైమును ఫ్రీజర్‌లోనే ఉంచాలి, మన మే ఎండల్లో హన్మకొండ నుంచి ఐస్ డబ్బా లేకుండా తేలేం.

ఇంకోటి, చచ్చిన శిలీంధ్రం డీఎన్ఏకు కూడా రంగు మారుతుంది. అందుకే మందు పని చేసిందా లేదా అని చూడటానికి దీన్ని వాడను.