ఆర్గో ధ్రువ సముద్ర డేటా: ఏళ్ల తరబడి వాడాక మా మాట

అంటార్కిటికా చుట్టూ నీళ్లు ఎంత వేడెక్కుతున్నాయో పీజీ ప్రాజెక్టుగా చూడాలంటే గుంటూరు, విజయవాడ విద్యార్థికి ఓడా అక్కర్లేదు, అనుమతి పత్రమూ అక్కర్లేదు. పరిశోధన ఫలితాలు అందరికీ అందాలని 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం మూడో అధికరణంలో రాసుకున్నారు. ఆ మాట నిజంగా చేతికందేది ఆర్గోలోనే అని మా అభిప్రాయం. సముద్రంలో లోతుకు దిగి, పైకొస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే ఫ్లోట్లు అనే తేలే యంత్రాలను చాలా దేశాలు కలిసి నడిపే ఏర్పాటే ఆర్గో. ఏ దేశం వదిలిన ఫ్లోటైనా ఫైలు ఫార్మాట్ ఒకటే. మన ఫ్లోట్ల డేటాను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం) చూసుకుంటుంది.

మొత్తం డేటా దించుకోవద్దు, హాస్టల్ వైఫై తట్టుకోదు. ముందు ఇండెక్స్ ఫైలు తీసుకోండి. అందులో ప్రతి ప్రొఫైల్‌కీ (ఫ్లోట్ ఒకసారి పైకొస్తూ తీసిన కొలతల వరుసకీ) తేదీ, అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. మైనస్ 60కి దక్షిణాన ఉన్నవి వడకట్టి, ఆ ఫైళ్లు మాత్రమే తెచ్చుకుంటే చాలు.

ఎక్కువమంది బోల్తా పడేది లవణీయత దగ్గర. సెన్సర్ పాతబడేకొద్దీ రీడింగ్ పక్కకు జరుగుతుంది, దాంతో సముద్రమే ఉప్పెక్కినట్టు గ్రాఫ్ వస్తుంది. అందుకే ముందు డేటా మోడ్, అంటే ఆ ఫైలును ఎంతవరకు సరిచూశారో చెప్పే అక్షరం, చూడాలి. ‘డి’ అంటే నిపుణులు సరిచూసింది. అందులో అడ్జస్టెడ్ (సరిదిద్దిన) విలువలే వాడాలి, అదీ ఫ్లాగ్ (నాణ్యత చెప్పే అంకె) 1, అంటే మంచిది అని, ఉన్నవే. ‘ఆర్’ అంటే ఇంకా నిపుణులు సరిచూడనిది. ‘ఆర్’ ఫైళ్లలో అడ్జస్టెడ్ గడులన్నీ 99999తో, అంటే విలువ లేదనే గుర్తుతో, నిండి ఉంటాయి. వాటిని తీసేయకుండా సగటు కట్టారో, లెక్కంతా పాడే.

అసలు చిక్కు మంచు కింద. పైకొచ్చే ఫ్లోట్‌కు నీళ్లు గడ్డకట్టే ఉష్ణోగ్రతకు, అంటే సుమారు మైనస్ 1.8 డిగ్రీలకు, దగ్గరగా తగిలితే పైన మంచు ఉందని లెక్కేసి వెనక్కి దిగిపోతుంది. లేకపోతే యాంటెన్నా విరుగుతుంది. ఆ కొలతలు దాచుకుని, మంచు విడిచాక పంపుతుంది. అప్పటిదాకా జీపీఎస్ ఉండదు కాబట్టి మధ్యలోని చోట్లన్నీ అంచనాలే. స్థానం ఫ్లాగ్ 8 ఉంటే అదే అర్థం. నెలవారీ ఉష్ణోగ్రతకు ఇవి పనికొస్తాయి, ప్రవాహాల మ్యాప్‌కు మాత్రం వాడొద్దు.

తీరం దగ్గర ఫ్లోట్లు తక్కువ. అక్కడ సీల్ జంతువుల తలకు అతికించిన పరికరాల కొలతలున్న మియాప్ డేటా ఆదుకుంటుంది. కచ్చితత్వం ఆర్గో కంటే తక్కువ, అయినా ఓడలు వెళ్లలేని శీతాకాలపు మంచులోవి అవి!

ఇంకొకటి, ‘ఆర్’ ఫైలు స్థానంలో తర్వాత ‘డి’ ఫైలు వస్తుంది. జూన్‌లో వేసిన గ్రాఫ్ డిసెంబర్‌లో అలాగే రాకపోవచ్చు. థీసిస్‌కు డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న నెలవారీ స్నాప్‌షాట్, అంటే ఆ నెల నాటి డేటా నకలు, వాడి, ఆ నెల పేరు కూడా రాయండి.