రెండు గంటల గడియారం, ఆరు నెలల తర్వాత

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక పాత గడియారాల దుకాణంలో గత ఆగస్టు రెండో వారంలో 650 రూపాయలు పెట్టి ఒక అలారం గడియారం కొన్నాను. పైన రెండు ఇత్తడి రంగు గంటలు, వాటి మధ్య చిన్న సుత్తి, వెనక ఒక పెన్సిల్ సెల్లు, కింద రెండు కాళ్లు. మన భాషలో గంట అంటే కాలమూ, మోగేదీ రెండూ కాబట్టి, ‘రెండు గంటల గడియారం కొన్నాను’ అని ఇంట్లో చెప్పినప్పుడు ఇంటర్ చదివే మా అమ్మాయి మిగతా పది గంటలు ఎక్కడ పోయాయని అడిగింది. చూడడానికి పాతకాలపు వస్తువులా ఉన్నా ఇది కీ ఇచ్చే రకం కాదు, లోపల ఉన్నది మామూలు క్వార్ట్జ్ యంత్రమే. కీ ఇచ్చేవి కూడా ఆ దుకాణంలో ఉన్నాయి కానీ ధర బాగా ఎక్కువ, పైగా రోజూ గుర్తుపెట్టుకుని కీ తిప్పాలి. లేవడమే గుర్తుండని మనిషికి అది అదనపు బరువు.

ఇంత చిన్న వస్తువుకు సమీక్ష ఎందుకంటే, ఇందులో స్నూజ్ మీట, అంటే నొక్కితే అలారం ఆగి కాసేపటికి మళ్లీ మోగేలా చేసేది, లేదు. నేను దీన్ని కొన్నది అందుకోసమే. బిల్లు రాస్తూ దుకాణదారు కూడా ఆ సంగతే హెచ్చరించారు: “దీంట్ల స్నూజ్ ఉండది సార్. ఒక్కపారి బంద్ చేస్తే మళ్ల మోగది, చూస్కోండ్రి.” అలాంటిదే కావాలన్నప్పుడు ఆయన నన్ను కాస్త అనుమానంగానే చూశారు.

నేను జనగామలోని ఒక కళాశాలలో పాఠాలు చెబుతాను. ఉదయం 6:15 బస్సు తప్పితే మొదటి పీరియడ్ తప్పుతుంది. ఫోనులో 4:45కు అలారం పెట్టుకునేవాడిని. అది మోగగానే కళ్లు తెరవకుండానే వేలితో తెర మీద తట్టడం, తొమ్మిది నిమిషాల తర్వాత మళ్లీ తట్టడం, ఇలా ఆరు సార్లు అయ్యేసరికి 5:39 అయ్యేది. తర్వాతి అరగంటలో స్నానం, టిఫిన్, చొక్కా గుండీలు, ఆటో అన్నీ కలిసి ఒక పోట్లాటగా సాగేవి. నెలకు మూడు నాలుగుసార్లు బస్సు తప్పేది. ఆ 54 నిమిషాల్లో నేను నిద్రపోయినట్టూ కాదు, మేలుకున్నట్టూ కాదు. ఆ సమయాన్ని నిద్ర ఖాతాలో రాయాలో బద్ధకం ఖాతాలో రాయాలో నాకు ఎన్నడూ తేలలేదు.

ఆ తొమ్మిది నిమిషాల లెక్క ఫోన్లు పుట్టకముందుది. 1956లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్-టెలిక్రాన్ సంస్థ ‘స్నూజ్-అలారం’ అనే గడియారాన్ని అమ్మకానికి తెచ్చింది. అప్పటి పళ్లచక్రాల అమరికలో కచ్చితంగా పది నిమిషాలు కుదరక తొమ్మిదికి సర్దుకున్నారని సాధారణంగా చెబుతారు. పళ్లచక్రాలతో ఏ సంబంధమూ లేని ఐఫోన్ కూడా చాలా ఏళ్లపాటు అదే తొమ్మిదిని పట్టుకుని వేలాడింది. ఎవరో ఎప్పుడో చేసిన సర్దుబాటు మీద నేను రోజుకు ఆరుసార్లు వేలు పెడుతున్నానని తెలిసినప్పుడు కొంచెం చిన్నతనం అనిపించింది.

గడియారం తెచ్చిన మొదటి రాత్రి దాన్ని తలగడ పక్కన స్టూలు మీద పెట్టాను. తెల్లవారుజామున అది మోగిన తీరును శబ్దం అనడం చాలదు. సుత్తి రెండు గంటల మధ్య కొట్టుకునే వేగానికి గడియారమే స్టూలు మీద వణుకుతూ అంచు వైపు జరిగింది. పక్క గదిలోంచి మా అమ్మ “పొద్దుగాల పొద్దుగాల ఏందిరా ఈ లొల్లి!” అని కేక వేసింది. నా భార్య లేచి కూర్చుని, “మీరొక్కరు లేవడానికి వాడంతా లేవాలా?” అంది. ఇంటిల్లిపాదీ లేచారు. నేను మాత్రం చెయ్యి చాపి వెనకనున్న మీట కిందికి నొక్కేసి, పడుకుని, 6:20కి లేచాను. బస్సు పోయింది. స్నూజ్ లేకపోవడం వల్ల అది రెండోసారి మోగలేదు కూడా. దుకాణదారు ఏం చెప్పారో అప్పుడు అర్థమైంది.

కాబట్టి కొనదలచిన వారికి నా మొదటి మాట: ఈ గడియారం ఎక్కడ పెడతారన్నది నిర్ణయించుకోకుండా దీని మీద డబ్బు పెట్టకండి. నేను రెండో వారంలో దాన్ని హాల్లో ఫ్రిజ్ మీదికి మార్చాను. లేచి వెళ్లి ఆపేవాడినే, కానీ ఆపి మళ్లీ మంచం దగ్గరికి నడిచి వచ్చేవాడిని. మనిషికి నిద్రలో కూడా మంచం దారి తెలుస్తుంది. మూడో వారంలో వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన గట్టు మీద పెట్టాను. రాత్రి పడుకునే ముందు టీ గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద ఉంచి, లైటరు గడియారానికి ఆనించి పెడతాను. ఉదయం అది మోగినప్పుడు వంటింటి ట్యూబులైటు వేస్తే తప్ప మీట కనబడదు. లైటు వేశాక, మీట నొక్కిన చేతికి తగిలేది లైటరే. పొయ్యి వెలిగించాక గిన్నె వదిలి మంచం మీదికి పోవడం కుదరదు. టీ నీళ్లు మరిగేసరికి నాలుగైదు నిమిషాలు నిలబడే గడిచిపోతాయి. ఆరు నెలల్లో నన్ను నిలబెట్టిన విషయం ఇదే. గంటల మోత ఇందులో సగం కూడా కాదు.

లైటు వేయడం వల్ల జరిగే మేలుకు శరీరశాస్త్రంలో ఆధారం ఉంది. కంటి రెటీనాలో చూపుకు సంబంధించిన కణాలతో పాటు వెలుగును పసిగట్టి మెదడులోని జీవగడియారానికి కబురు అందించే ప్రత్యేక కణాలు కూడా ఉంటాయి. ఉదయపు వెలుగు ఆ గడియారాన్ని ముందుకు జరుపుతుంది. ఇక నిద్ర లేచిన వెంటనే ఉండే మత్తు సోమరితనం కాదు. మెదడు పూర్తిగా మేలుకోవడానికి సాధారణంగా పావుగంట నుంచి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ‘ఇంకో తొమ్మిది నిమిషాలు’ అనే నిర్ణయం తీసుకునేది ఆ మత్తులో ఉన్న మెదడే గనుక, దానికి ఆ అధికారం ఇవ్వకపోవడమే ఈ గడియారం చేసే పని.

అయితే స్నూజ్ అంటే విషమని ఊదరగొట్టే ప్రచారానికి నేను వంత పాడను. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వెలువరించిన అధ్యయనంలో, స్నూజ్ అలవాటున్న 31 మందిని ప్రయోగశాలలో పడుకోబెట్టి చూస్తే, అరగంట పాటు స్నూజ్ చేసినవారు పోగొట్టుకున్న నిద్ర సుమారు ఆరు నిమిషాలే. లేచిన వెంటనే పెట్టిన పరీక్షల్లో వారి చురుకుదనం తగ్గలేదు, కొన్నింటిలో కాస్త మెరుగ్గా కూడా ఉంది. తొమ్మిది గంటలకు ఆఫీసుకు వెళ్లేవారు, అరగంట మిగులు ఉన్నవారు హాయిగా స్నూజ్ నొక్కుకోవచ్చు. నా గొడవ మెదడుతో కాదు, 6:15 బస్సుతో.

ఇక లోపాల సంగతి. అలారం ముల్లు ఈ గడియారంలో అన్నిటికన్నా బలహీనమైన భాగం. డయల్ మీద రెండు అంకెల మధ్య అయిదు భాగాలు ఉంటాయి. నిమిషాల ముల్లుకు ఒక్కో భాగం ఒక నిమిషం, అలారం ముల్లుకు మాత్రం అదే భాగం 12 నిమిషాలు. అంటే 4:45 అనేది నాలుగు దాటాక మూడో గీతకూ నాలుగో గీతకూ మధ్య, నాలుగో గీతకు దగ్గరగా, కంటితో అంచనా వేసి పెట్టాల్సిందే. మొదటి పది రోజులు ఒకనాడు 4:38కి, మరొకనాడు 4:53కి మోగింది. సరైన చోటు దొరికాక అలారం ముల్లును తిప్పే మరను మళ్లీ ముట్టలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. మరను బాణం గుర్తు చూపే వైపే తిప్పాలన్న సంగతి పెట్టె మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంది. రోజుకొక వేళకు లేచేవారికి ఇది పనికిరాదు.

రెండో లోపం పన్నెండు గంటల డయల్‌తో వచ్చేది. దీనికి తెల్లవారుజాము, సాయంత్రం తేడా తెలియదు. ఉదయం ఆపాక మీట మళ్లీ పైకి ఎత్తి ఉంచితే సాయంత్రం 4:45కు కూడా అంతే నిష్ఠగా మోగుతుంది. నేను కళాశాలలో ఉండగా ఒకసారి అలా మోగి మధ్యాహ్నం నిద్రలో ఉన్న అమ్మను లేపింది. అందువల్ల సాయంత్రం దాటాక, పడుకునే ముందే మీట ఎత్తాలి. ఫోనులో ఒకసారి పెడితే రోజూ దానంతట అదే మోగుతుంది, ఇక్కడ ప్రతి రాత్రీ వేలితో చేయాలి. ఆరు నెలల్లో నాలుగుసార్లు ఎత్తడం మరిచిపోయాను. అందులో ఒకసారి బస్సు తప్పింది.

మూడోది బ్యాటరీ. జనవరి మొదటి వారంలో ఒక ఉదయం గడియారం ణంగుమని మోగాల్సింది పోయి చెంచా తగిలినట్టు టిక్కు టిక్కుమంది. ముళ్లు మాత్రం నిమిషం తేడా లేకుండా తిరుగుతున్నాయి. ముళ్లు కదలడానికి సెల్లులో ఉన్న కొద్దిపాటి శక్తి చాలు, సుత్తిని ఆడించడానికి చాలదు. చూడడానికి అంతా బాగానే ఉంటుంది కాబట్టి మోసపోవడం సులువు. ఇప్పుడు నాలుగు నెలలకొకసారి సెల్లు మార్చాలని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజుల్లో నష్టం జరగకపోవడానికి కారణం ధనుర్మాసం. మా వీధి చివరి గుడి మైకులో నాలుగున్నరకే తిరుప్పావై మొదలయ్యేది. ఆ నెల రోజులు గడియారం ఉన్నా లేకపోయినా ఒకటే అయింది.

టిక్ టిక్ శబ్దం గురించి చాలామంది ఫిర్యాదు చేస్తారు. అది నిజమే, నిశ్శబ్దమైన గదిలో చెవి పక్కన ఉంటే నిద్ర పట్టదు. వంటింట్లో పెట్టడంతో నాకు ఆ బాధ తీరింది. రెండు గదుల తలుపులూ ఓరగా తీసి ఉంచితే మోత స్పష్టంగానే వినిపిస్తుంది.

గడియారం కొనకముందు లెక్కలు చేస్తే తప్ప ఆగని యాప్ ఒకటి వాడాను. పదిహేను రోజుల్లో నిద్రలోనే రెండంకెల కూడికలు చేయడం వచ్చింది. పైగా అలారం ఆపిన చేతిలోనే ఫోను ఉంటుంది కనుక, మంచం మీదే పడుకుని వాట్సాప్ చూస్తూ మరో ఇరవై నిమిషాలు పోయేవి. ఫోను రాత్రిళ్లు హాల్లో చార్జింగులో ఉండిపోవడం ఈ గడియారం తెచ్చిన లాభాల్లో నేను ఊహించనిది.

ఏ గడియారమూ చేయలేని పని ఒకటుంది. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. 4:45కు లేవాలంటే 9:45కు పడుకోవాలి. పదకొండున్నర దాకా టీవీ చూసి ఈ రెండు గంటల మీద భారం వేసిన రోజుల్లో నేను లేచానే గాని, బస్సులో స్టేషన్ ఘన్‌పూర్ వచ్చేలోపే మళ్లీ నిద్రపోయాను. ఉదయం బస్సు తప్పకుండా ఉండడానికి రాత్రి సీరియల్ వదులుకోవాల్సి వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ సణుగుడు ఉంది.

వేళ మారని ఉద్యోగం, ఒక వంటిల్లు, సహించే కుటుంబం ఉన్నవారు ఈ గడియారాన్ని నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. పసిపిల్లలున్న ఇంటికి వద్దు. హాస్టలు గదికైతే అసలే వద్దు. మా అమ్మాయి వచ్చే ఏడాది హాస్టలుకు తీసుకెళ్తానంటే, గదిలో ఉండే మిగతా ముగ్గురు దాన్ని రెండో రోజే కిటికీలోంచి విసిరేస్తారని చెప్పి, చేతికి కట్టుకునే, శబ్దం లేకుండా వణికే పట్టీ ఒకటి వెతుకుతున్నాను.