అంతర్జాతీయ భద్రతపై భీమవరంలో ఉపన్యాసాలు: ఐదుకి మూడున్నర మార్కులు

టికెట్ లేదు, ముందుగా పేరు రాయించుకునే పనీ లేదు. హాల్లో సగం సివిల్స్‌కి చదివే పిల్లలు, మిగతా సగం రిటైరైన మాస్టార్లు, నాలాంటి రొయ్యల చెరువుల వాళ్లు.

ఎర్ర సముద్రం మీద మాట్లాడిన మాజీ నేవీ అధికారి కోసమైనా వెళ్లాలండి. స్లైడ్లు పక్కనపెట్టేసి, గోడకు పెద్ద మ్యాప్ తగిలించి, ఆ సముద్రానికి దక్షిణపు ద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి దగ్గర వేలు పెట్టి మొదలెట్టారు. 2023 నవంబరులో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే సరుకు ఓడను పట్టుకోవడం, ఆ తర్వాత పెద్ద షిప్పింగ్ కంపెనీలు సూయెజ్ కాలువ మానేసి ఆఫ్రికా చుట్టూ తిప్పడం, యూరప్ ప్రయాణం 10 రోజులకు పైగా పెరగడం, బీమా ప్రీమియం ఎగబాకడం... అన్నీ వరసగా విప్పి చెప్పారు. పట్టుబడి రోజున చెరువు గట్టు మీద నిలబడి, ‘కంటెయినర్ రేటు పెరిగిందండీ’ అంటూ ఏజెంటు కిలోకి ఇంతని కోసేస్తాడు కదా, అందులో నిజమెంతో, బేరమెంతో ఇకమీదట నిలదీసి అడగొచ్చు.

ఐక్యరాజ్యసమితి ఉపన్యాసం మాత్రం నీరసం. ఆయన కాగితం చూసి చదివారు. భద్రతా మండలిలో 15 దేశాలని, ఐదింటికి వీటో, అంటే తీర్మానాన్ని ఒంటిగా ఆపేసే హక్కు, ఉందని పదో తరగతి పిల్లలకీ తెలుసు. ఆ వీటో ఏర్పాటు 1945 నుంచి ఎందుకు కదలట్లేదన్నది కదా అసలు సంగతి! సమితి మూల నిబంధనావళి అయిన చార్టర్ సవరణకు కూడా ఆ ఐదుగురూ ఒప్పుకోవాలని చివరికి వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి చెప్పింది. చప్పట్లు ఆ పిల్లకే.

నాకు నచ్చనిది ప్రశ్నల సమయం. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిందట, కోనసీమ నుంచి వచ్చిన ఒకావిడ, ‘అక్కడ యుద్ధమొస్తే మా పిల్ల ఎవరి దగ్గరికి పోవాలి బాబూ?’ అని అడిగారు. నేవీ ఆయన 1990లో కువైట్ నుంచి దాదాపు 1,70,000 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చిన సంగతి చెప్పి, ఎంబసీలో పేరు, ఫోన్ నంబరు నమోదు చేయించమన్నారు. ఆవిడ ఇంకో మాట అడగబోతుంటే నిర్వాహకులు మైకు లాగేసుకున్నారు, టైమైపోయిందని. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది కదా, దాని గురించి అడుగుదామని ఎత్తిన నా చెయ్యీ అలాగే దిగింది. సన్మానాలకి, శాలువాలకి మాత్రం బోలెడు టైముంది.

వచ్చేసారి ఉపన్యాసం పర్షియన్ గల్ఫ్ ముఖద్వారమైన హోర్ముజ్ జలసంధి గురించట, వెళ్తాను. ఫ్యాన్ కింద సీటు కావాలంటే కాస్త ముందే రండి. నిర్వాహకులకు ఒకటే మాట: శాలువాలు తగ్గించి ప్రశ్నలకు అరగంట ఇవ్వండి.